పేనుకీ పీతకీ చుట్టరికం

నేను చేసే పని ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. మా నాన్న చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి పూత వేస్తాడు. ఎవరైనా అడిగితే "మావాడు చేపల డాక్టరండీ" అని చెప్పేస్తాడు. దాంతో మా వీధిలో ఎవరింట్లో అద్దాల తొట్టిలో బంగారు చేప కాస్త పక్కకి ఒరిగినా నాకు కబురొస్తుంది. నేను చేసేది వైద్యం కాదు, పోస్టుమార్టం అంటే నొచ్చుకుంటారు. ఒకావిడైతే "అంత చదువూ చదివి చచ్చినవాటి దగ్గర కూర్చుంటావా నాయనా" అని నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చేపకి రోగమేమీ లేదు. మేత తగ్గించమన్నాను, లేచి తిరిగింది. అప్పట్నుంచి నా ప్రాక్టీసు ఇంకా పెరిగింది.

అసలు పరిశోధన మేడమ్‌ది. నేను ఆవిడ దగ్గర రీసెర్చ్ స్కాలర్‌ని, అంటే సీసాలు కడిగేవాణ్ణి, ఐస్ పెట్టె మోసేవాణ్ణి, ఆ పైన ఖాళీ దొరికితే థీసిస్ రాసుకునేవాణ్ణి. నీళ్ళలో కలిసే విషాలు నీళ్ళలో బతికేవాటిని ఏం చేస్తాయన్నది ఆవిడ జీవితమంతా అడుగుతున్న ప్రశ్న. బందరులో ఒక కాలేజీ వెనక, ఒకప్పుడు సైకిల్ స్టాండుగా ఉన్న రేకుల షెడ్డులో మా ల్యాబు. వేసవిలో అందులో చేపలకంటే ముందు మేం పోతామేమో అనిపిస్తుంది. మేడమ్ మాత్రం చెమట తుడుచుకుంటూనే అందరికీ "అండీ" అంటుంది. ల్యాబు ఊడ్చే ఆయనకి అండీ, కరెంటు బిల్లు తెచ్చే కుర్రాడికి అండీ. చేప తల కోసేముందు ఒక్క క్షణం ఆగుతుంది. దానికి కూడా "సారీ అండీ" చెప్తుందేమోనని నేను చెవి పెట్టి వింటుంటాను.

ఈ గొడవ అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలిస్తే చాలు. చెరువుల్లో పెంచే చేపలకి పేలు పడతాయి. తల్లో పేల లాంటివే, కాకపోతే ఇవి పొలుసుల మీద బతుకుతాయి. వాటిని చంపడానికి చెరువులో పేను మందు పోస్తారు. ఆ మందు నరాల మీద పని చేస్తుంది. మెదడు కండరానికి "కదులు" అని కబురు పంపిస్తే, పని అయ్యాక ఆ కబురుని చెరిపేసే ఎంజైమ్ ఒకటి ఒంట్లో ఉంటుంది. మందు దాని చేతులు కట్టేస్తుంది. ఇక కదులు, కదులు, కదులు అని కబురు ఆగదు. పేను వణికి వణికి ఊపిరాడక పోతుంది. పేను పోవడం రైతుకి సంతోషమే. కానీ ఈ చేప పేనుది పురుగుల వంశం కాదు, పీతల వంశం. వరసకి దగ్గరి చుట్టం. పేనుని చంపేది పీతనీ చంపుతుంది, మోతాదు పెరిగితే చేపనీ. మా డెల్టాలో అందరూ అందరికీ చుట్టాలే అంటారు కదా, ఆ సంగతి మందు డబ్బా మీద మాత్రం రాయరు.

దివిసీమలో సముద్రానికి దగ్గరగా, మడ అడవి మొదలయ్యే చోట ఒక ఉప్పునీటి పాయ ఉంది. దాని ఒడ్డున జాలర్ల పేట. ఆ పేటలో పీతలు పట్టి అమ్మే ఒకావిడని నేను అత్తా అంటాను, ఆవిడ నన్ను అల్లుడూ అంటుంది. ఆవిడకి కూతుళ్ళు లేరు, అందువల్ల ఇద్దరికీ ఇబ్బంది లేదు. పాయకి ఎగువన గుడివాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు పొలాలు లీజుకి తీసుకుని చేపల చెరువులు తవ్వారు. చేపలు పట్టేసి చెరువు ఖాళీ చేసినప్పుడల్లా ఆ నీళ్ళు మురుగు డ్రెయిన్లో పడి, ఎన్నో వంపులు తిరిగి, చివరికి పాయలో కలుస్తాయి. వంపులు తిరగడం వాళ్ళకి ఆలస్యంగా అనిపించింది. డ్రెయిన్ నుంచి పాయ తలలోకి తిన్నగా ఒక పైపు వేసుకుంటామని చెరువుల సంఘం అర్జీ పెట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాయ మొదటిసారి తెల్లబడింది. తెల్లబడింది అంటే చేపలు వెల్లకిలా తేలాయి. అత్త ఫోన్లో వీడియో పంపింది. జెల్లలు, చిన్న పండుగప్పలు, వాటి మధ్య కాళ్ళు ముడుచుకున్న పీతలు. వెనక నుంచి ఆవిడ గొంతు: "చూడు అల్లుడూ, వెతికే పని లేకుండా అన్నీ పైకే వచ్చేశాయి." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పైపు అర్జీని చూడ్డానికి ప్రభుత్వం వేసిన కమిటీ, సంగతేమిటో తేల్చి రిపోర్టు ఇమ్మని మేడమ్‌ని అడిగింది. మందు ఉందని తేలితే పైపు ఆగుతుంది. లేదని తేలితే పైపు పడుతుంది, పాయ పోతుంది, పాయతోపాటు అత్త పీతలూ పోతాయి. ఇంతకంటే తేలిక లెక్క నేను స్కూల్లో కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే ఐస్ పెట్టె సర్దేశాను. మేడమ్ ఫోన్ తీసింది.

"బాబాయ్ గారూ, బాగున్నారా అండీ? రేపు మీ వైపు వస్తున్నాం. అవునండీ, ఆ డ్రెయిన్ నీళ్ళ పని మీదే."

నేను సీసాల మూతలు బిగిస్తున్నవాణ్ణి ఆగిపోయాను. బాబాయ్ గారంటే చెరువుల సంఘం ప్రెసిడెంటు. మేడమ్‌ది పెదపారుపూడి దగ్గర ఊరు, ఆయనదీ అదే ఊరు. రక్తసంబంధం వెతికితే ఏడు తరాలు వెనక్కి వెళ్ళాలి, కానీ ఊరి వరసకి అంత దూరం వెళ్ళక్కర్లేదు.

"చెప్పకుండా వెళ్తే బాగోదు బాబూ," అంది మేడమ్ నా మొహం చూసి.

మర్నాడు బందరు నుంచి ఐస్ పెట్టెతోపాటు బందరు లడ్డూల పెట్టె కూడా బయల్దేరింది. చుట్టాలింటికి ఉత్త చేతుల్తో వెళ్ళకూడదు. పులిగడ్డ దాటి ప్రెసిడెంటు గారింటికి చేరేసరికి టిఫిన్లు తయారు. టిఫిన్ తిన్నాక ఎండ ఎక్కుతోంది కాబట్టి మజ్జిగ. మజ్జిగ తాగాక భోజనం వేళ అవుతోంది కాబట్టి భోజనం. భోజనం అయ్యాక "ఇప్పుడు వెళ్ళండమ్మా మీ పని చూసుకోండి" అని ఆయనే డ్రెయిన్ దాకా వచ్చి, నేను సీసా ముంచుతుంటే జారిపోకుండా భుజం పట్టుకున్నాడు కూడా. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. పెద్ద మెషీన్లున్న ల్యాబుకి పంపిస్తే, కనిపెట్టగలిగినంత మందు లేదు అని రిపోర్టు వచ్చింది. నేను నమ్మలేదు. మేడమ్ నమ్మింది, ఎందుకంటే మెషీను చెప్పింది.

పాయ రెండోసారి తెల్లబడింది. మేడమ్ మళ్ళీ ఫోన్ తీసింది. మళ్ళీ లడ్డూలు.

ఈసారి భోజనానికి వరండాలో వేశారు. ప్రెసిడెంటు గారు నా ఎదుటే కూర్చుని పండుగప్ప వేపుడు తన చేత్తో వడ్డించాడు. మనిషి చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ కోపం. చెడ్డవాడైతే వేపుడు మానేసేవాణ్ణి.

"ఏ ఊరు అబ్బాయ్ మీది?"

"చిలకలపూడండీ."

"ఓహో, గిల్టు నగల ఊరు! మరి ఆ పూతలు కడిగిన నీళ్ళు ఎక్కడికెళ్తాయయ్యా? కాశీకా?"

వరండా అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అందుకే ఒళ్ళు మండింది. మంచి జోకు అవతలివాడు వేస్తే అరగదు.

"మొన్నటిదాకా మా వీధి సైడు కాలవలోకేనండీ. పట్టుకెళ్ళి పరీక్ష చేశాను. రిజల్టు చెప్పాక మా నాన్న చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తొట్టిలో పట్టి, సున్నం వేసి పేరబెడుతున్నాం. మీరు మాట్లాడకపోయినా పర్లేదండీ, మీ చెరువులోంచే ఒక సీసా తీసుకోనిస్తారా?"

మేడమ్ బల్ల కింద నా కాలు తొక్కింది. ఆవిడ కోపంలో కూడా మర్యాద ఉంటుంది, చెప్పు విప్పి తొక్కింది.

"చెరువు మా లీజుది, దాంట్లోకి కమిటీ కాగితం లేకుండా ఎవరూ దిగరు," అన్నాడు ప్రెసిడెంటు గారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. "డ్రెయిన్ గవర్నమెంటుది, కావలసినన్ని పట్టుకెళ్ళు. ముందు ముద్ద కలుపు, వేపుడు చల్లారిపోతోంది."

అప్పుడు చూశాను. వరండాలోంచి డ్రెయిన్ కనిపిస్తుంది. దాని మీద గుర్రపుడెక్క ఎప్పుడు చూసినా గవర్నమెంటు ఫైలులా ఉన్నచోటే ఉంటుంది. ఆ మధ్యాహ్నం మాత్రం బస్సు అందుకోవాలన్నట్టు పరుగెడుతోంది. ఎగువన ఎవరో సాగునీటి కాలవ షట్టరు ఎత్తారు. కాలవ నీళ్ళు డ్రెయిన్లోకి వదిలి, డ్రెయిన్‌ని గిన్నె తొలిచినట్టు తొలుస్తున్నారు. మేము చారు అన్నంలో ఉన్నాం. ఇంకా పెరుగు రావాలి, తర్వాత అరటిపండు, తర్వాత తాంబూలం. తొలవడానికి కావలసినంత టైము.

నేను లేవబోయాను. "పెరుగు తినకుండా లేస్తారా ఎవరైనా!" అని ఆయన భార్య గరిటెడు మీగడ పెరుగు వేసింది. చేతిలో మెతుకుల్తో విప్లవం రాదని ఆ రోజు తెలిసింది.

పాయ ఒడ్డుకి వెళ్ళేసరికి అత్త పడవ అంచు మీద కూర్చుని వల చిక్కు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"వచ్చారా పెళ్ళివారు? భోజనాలయ్యాయా?"

"అయ్యాయత్తా."

"ఏం పెట్టారేంటి అల్లుడూ?"

"పండుగప్ప వేపుడు."

"అదృష్టవంతులు. మాకిక్కడ పండుగప్ప మొహం చూసి ఎన్నాళ్ళైందో. వాళ్ళ చెరువులోదేనా?"

"కాదు, బజార్లో కొన్నారట."

"మరే. వాళ్ళ చెరువులో చేప వాళ్ళు తింటారా ఎక్కడన్నా!" వల విదిలించింది. "మీరు తింటున్నంతసేపూ కాలవ పరుగెట్టింది. మీరు చెయ్యి కడుక్కున్నారు, అదీ ఆగింది. ఇవాళ ఆ నీళ్ళు తాగొచ్చు కూడా. తాగుతావా? సీసా ఇటివ్వు, పట్టిస్తా."

మేడమ్ మొహం ఎర్రబడింది. ఎండ అనుకున్నాను, కాదు. "మమ్మల్ని క్షమించండమ్మా" అంది. అత్తకి ఆ మాట నచ్చలేదు. "క్షమాపణ దేనికండీ, తూకం వేసి అమ్ముకోడానికా?" అని వల భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో కారులో నేను ఆగలేకపోయాను.

"దొంగని పట్టుకునే పోలీసు కూడా ముందు ఫోన్ చేస్తాడా మేడమ్? బాబాయ్ గారూ, రేపొస్తున్నాం, ఇంట్లోనే ఉంటారుగా అని?"

"ఆయన దొంగ కాదు."

"మరి?"

"నన్ను బందరు హాస్టల్లో చేర్చడానికి మా నాన్నతో పాటు వచ్చాడు. నా ట్రంకు పెట్టె బస్టాండు నుంచి హాస్టల్ దాకా నెత్తిన పెట్టుకుని మోశాడు. ఆడపిల్లకి చదువెందుకని ఊరంతా అంటుంటే, సైన్సు చదివించమన్నవాడు ఆయనొక్కడే."

 ఒక మనిషి ఒక ఆడపిల్లని సైంటిస్టుని చేస్తే, ఆ సైంటిస్టుకే కడిగిన నీళ్ళు ఇవ్వడమేమిటని మోపిదేవి దాకా ఆలోచించాను. మోపిదేవి దాటాక మేడమ్ మామూలు గొంతుతో అంది:

"నీళ్ళు కడగ్గలరు బాబూ. మెదడు కడగలేరు."

పాఠం నాకూ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ కోపం వచ్చినప్పుడు చదువుకున్నది గుర్తు రాదు. మందు నీళ్ళలోంచి కొట్టుకుపోతుంది. అది దెబ్బ తీసిన ఎంజైమ్ మాత్రం చావకుండా మిగిలిన చేప మెదడులో అంత త్వరగా కోలుకోదు, వారాల తరబడి అలాగే కుంటుతుంటుంది. తొలిచిన కాలవలో బతికి ఉన్న జెల్లని పట్టుకుంటే చాలు. సాక్ష్యం దాని తలలో ఉంటుంది.

"అయితే రేపే వెళ్దాం, చెప్పకుండా," అన్నాను.

"చెప్పే వెళ్దాం. నాకు చెప్పకుండా వెళ్ళడం రాదు. వాళ్ళని నీళ్ళే కడుక్కోనీ. మనం నీళ్ళు ముట్టుకోవద్దు."

ఆవిడతో పని చెయ్యడం ఇలాగే ఉంటుంది. యుద్ధానికి కూడా శుభలేఖ వేస్తుంది.

పాయలో జెల్లలు పట్టుకోవడం తేలికే, అత్తే పట్టిచ్చింది. చావు వచ్చింది పోల్చి చూసే జెల్లల దగ్గర. దెబ్బ తిన్న మెదడు దెబ్బ తిన్నదని చెప్పాలంటే, దెబ్బ తినని మెదడు ఒకటి పక్కన ఉండాలి. అంటే మందు సోకని నీళ్ళలో పెరిగిన చేప కావాలి. కృష్ణా డెల్టాలో. నీళ్ళకి పేరుపడ్డ చోటు. మ్యాపు మీద ఎక్కడ వేలు పెట్టినా తడి అవుతుంది. మూడు జతల చెప్పులరిగేలా తిరిగాం.

గుడివాడ దగ్గర ఒక పంట కాలవ చూశాం. వరికి కొట్టిన మందు పైనుంచి వస్తోంది. ముదినేపల్లి వైపు ఒక రైతు "మా చెరువులో మందు చుక్క వెయ్యమండీ" అని ఒట్టేశాడు. ఆ ఒట్టు వేస్తున్నప్పుడు వెనక గట్టు మీద ఖాళీ డబ్బాలు వరసగా బోర్లించి ఉన్నాయి. నేను అటు చూసి "అవి దేనికండీ?" అంటే "పూలమొక్కలకండీ" అన్నాడు. మొక్కలు ఎక్కడా లేవు. పోనీ ల్యాబులోనే పెంచుదామని బోరు నీళ్ళు పోస్తే మరీ ఉప్పు. కుళాయి నీళ్ళు పోస్తే చేపలు తెల్లారేసరికి వెల్లకిలా. విసుగొచ్చి మినరల్ వాటర్ క్యాన్ కొని పోస్తే, ఖనిజాలు లేక అందులో ఇంకా ముందే పోయాయి. ప్రయోగానికని విషం పోసిన తొట్టిలో చేపలు ఈదుతున్నాయి, మంచినీళ్ళ తొట్టిలో చేపలు చస్తున్నాయి. మనుషులు తాగే నీళ్ళ గురించి అప్పుడు నాకొచ్చిన ఆలోచనలు థీసిస్‌లో రాయకూడదని మేడమ్ చెప్పింది.

చివరికి మడ అడవి లోపల, ఏ డ్రెయినూ కలవని ఒక చిన్న పాయలో దొరికాయి. అత్త పడవలోనే వెళ్ళాం. బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, చెప్పులు అక్కడే సమర్పించుకుని, ఆరోగ్యంగా ఉన్న జెల్లలు తెచ్చాం. మేడమ్ ఒక్కొక్కదాని తల దగ్గర ఆ ఒక్క క్షణం ఆగుతూ కోసింది. పరీక్ష పూర్తయ్యాక ఇద్దరం ఫలితాల వైపు చూస్తూ కూర్చున్నాం. కొత్తగా చెప్పడానికేమీ లేదు. అడవి జెల్లల్లో ఎంజైమ్ మామూలుగా ఉంది. పాయ జెల్లల్లో సగం కూడా లేదు. పాయలో ఈదుతున్నవి కూడా సగం చచ్చి ఈదుతున్నాయన్నమాట.

"నాకు సంతోషంగా ఉంది మేడమ్," అన్నాను.

"నాకు లేదు," అంది.

కమిటీ మీటింగు అవనిగడ్డలో పెట్టారు. ముగ్గురు ఆఫీసర్లు, ఒక వైపు చెరువుల సంఘం, ఒక వైపు పేట జనం. మేడమ్ ఎంజైమ్ గురించి నేను పైన చెప్పినంత తేలిగ్గానే చెప్పింది. చెప్పడం అయ్యాక ప్రెసిడెంటు గారు చెయ్యెత్తాడు.

"చేప మెదడు కోసి చూశావా అమ్మాయ్? దానికి మెదడే ఉంటే మన గాలానికి ఎందుకు పడుతుంది?"

హాలు పగలబడి నవ్వింది. ఆఫీసర్లు కూడా. ఒప్పుకుంటున్నాను, అది నేను వెయ్యాల్సిన జోకు. ఆ రోజంతా నన్ను కాల్చేసింది అదే. సగం చచ్చిన చేపల మీద, ఇల్లు గడవని పేట మీద, ఎండలో పడి చేసిన పని మీద ఒక్క జోకు నీళ్ళు పోసినట్టు పోసేసింది. జోకుకి అంత బలం ఉంటుందని ఇన్నాళ్ళూ గర్వపడ్డవాణ్ణి నేనే.

పెద్ద ఆఫీసరు నవ్వు తుడుచుకుని అన్నాడు: "మేడమ్, మీ కృషి కాదనను. కానీ మా నిబంధనల్లో నీళ్ళకి హద్దులున్నాయి, మెదడుకి లేవు. అందరి సమక్షంలో ఇంకోసారి నమూనాలు తీద్దాం, నీళ్ళూ చేపలూ రెండూ. అన్ని పక్షాలకీ ముందుగా నోటీసు ఇచ్చి."

"ముందుగా నోటీసు ఇచ్చి," అన్నాను నేను పైకే. ఎవరూ వినిపించుకోలేదు. మేడమ్ ఫోన్లో చెప్పిన "రేపు వస్తున్నాం అండీ" ఇప్పుడు ఆఫీసు భాషలోకి మారి, ముద్ర వేయించుకుని వచ్చింది. అంతే తేడా.

నోటీసుకీ నమూనాలకీ మధ్య పాయ ఇంకో రెండుసార్లు తెల్లబడింది.

నమూనాలు తీసే రోజు పాయ గట్టు మీద షామియానా వేశారు. కుర్చీలు, టేబుల్ ఫ్యాన్లు, చల్లటి నీళ్ళ బాటిళ్ళు. ఒక పక్క డేగిశాలు దించుతున్నారు, మసాలా వాసన పాయ దాకా వస్తోంది. డ్రెయిన్ అద్దంలా మెరుస్తోంది. దాన్ని చూస్తే పెళ్ళికి తలంటు పోసినట్టుంది. ఆఫీసర్లు నీళ్ళ సీసాలు నింపించి సీళ్ళు వేయించారు. తర్వాత చేపలు.

అత్త వల వేసింది. లాగితే మడ ఆకులు, బిస్కెట్ కవర్లు. ఇంకో చోట వేసింది. ఒక చెప్పు. పేటలో మగవాళ్ళు పెద్ద వల తెచ్చి పాయకి అడ్డంగా కట్టి లాగారు. అరచెయ్యంత పిల్ల పీత ఒకటి, అదీ కదలట్లేదు. జెల్ల ఒక్కటి లేదు. మా సాక్షులు ఒక్కరూ మిగల్లేదు.

షామియానా కింద గుమస్తా కాగితం మీద రాస్తూ పైకి చదివాడు: "ప్రభావితమైన చేపలేవీ కనిపించలేదు."

"శ్మశానానికెళ్ళి ఇక్కడ రోగులెవరూ లేరని రాసినట్టుంది సార్!" అన్నాను. అన్నాననుకున్నాను గానీ, అరిచానట. వంట చేస్తున్నవాళ్ళు కూడా గరిటెలు ఆపారు.

"కనిపించిందే రాస్తాం బాబూ," అన్నాడు ఆఫీసరు, చల్లగా.

"ఎవరయ్యా ఇతన్ని కాస్త కూర్చోబెట్టండి, ఎండ తగిలినట్టుంది," అన్నాడు ప్రెసిడెంటు గారు. ఎవరో నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. కోపంగా ఉన్న మనిషి చేతిలో మజ్జిగ గ్లాసు పెడితే ఎంత వెర్రివాడిలా కనిపిస్తాడో ఊహించుకోండి. పారబోయడానికి మనసు రాదు, తాగడానికి సిగ్గు.

కాగితం సంతకాలకి తిరుగుతూ మేడమ్ దగ్గరికొచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"చేపలే కనిపించలేదు అని రాయండి. సంతకం పెడతాను."

"రెండూ ఒకటేగా మేడమ్," అన్నాడు ఆఫీసరు.

"ఒకటే అయితే నాది రాయండి."

ఆఫీసరు గుమస్తా వైపు చూశాడు, గుమస్తా ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. ఎవరూ రాయలేదు. మేడమ్ పెన్నుకి మూత పెట్టి, కాగితం వెనక్కి ఇచ్చేసింది. నేను అరిచిన అరుపుకంటే ఆ మూత చప్పుడే పెద్దగా వినిపించింది.

"సంతకాల సంగతి తర్వాత చూసుకోవచ్చు," ప్రెసిడెంటు గారు లేచి ఆవిడ పక్కకొచ్చాడు. "పదమ్మా, ముందు భోజనం చేద్దువుగాని. అందరూ నీ కోసమే ఆగారు."

"ఆకలిగా లేదు బాబాయ్ గారూ."

ఆయన మొహం అప్పుడు మారింది. రిపోర్టు ఇచ్చినప్పుడు మారలేదు, మీటింగులో మారలేదు, సంతకం పెట్టనన్నప్పుడు మారలేదు. ఇప్పుడు మారింది. ట్రంకు పెట్టె మోసిన మనిషి నిజంగానే దెబ్బ తిన్నాడు. నాకు జాలి వెయ్యబోయింది. పాయ వైపు చూశాను, ఆగిపోయింది.

కారు దగ్గరికి అత్త వచ్చింది. చేతిలో ఆ పిల్ల పీత.

"అయితే పైపు రాదా ఇంక?"

"నా సంతకం లేకుండా ఆ కాగితం ముందుకెళ్ళదండీ," అంది మేడమ్. "వేరే సైంటిస్టుని తెచ్చుకుంటారేమో. అంతదాకా రాదు."

"పీతలెప్పుడొస్తాయి మరి?"

మేడమ్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. తల వంచుకుని "తెలీదండీ" అంది.

అత్త చేతిలో పీతని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోన్లెండి. తెలీదన్న ఆఫీసర్ని ఇవాళే మొదటిసారి చూశాను," అంది. తర్వాత నా వైపు తిరిగి, "అల్లుడూ, మజ్జిగ తాగావా?"

"తాగాను."

"నీకు మర్యాద ఎక్కువ," అని పీతని పాయలోకి విసిరేసి వెళ్ళిపోయింది. వచ్చే నెల నుంచి చెరువుల మీద చేపలు పట్టే కూలికి వెళ్తానని పేటలో ఎవరితోనో చెప్పిందని తర్వాత తెలిసింది. ఏ నీళ్ళు తన పీతల్ని చంపాయో ఆ నీళ్ళలోనే నడుం లోతున దిగి. దీని మీద జోకు వెయ్యడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

పులిగడ్డ రాకముందే మేడమ్ ఫోన్ మోగింది. ఆవిడకి కారులో స్పీకర్ పెట్టుకునే అలవాటు.

"అన్నం తినకుండా వెళ్ళిపోయావేంటమ్మా? నలుగురిలో నా పరువేం కాను?"

"మీ పరువుకేం కాలేదు బాబాయ్ గారూ."

"కోపమొచ్చిందా నా మీద?"

మేడమ్ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.  

"వచ్చిందండీ," అంది. "ఈసారి చెప్పకుండా వస్తాను."

"ఎప్పుడమ్మా?"

ఆవిడ నోరు తెరిచింది. తారీఖు చెప్పేస్తుందని తెలిసి నేను ముందు సీట్లోంచి వెనక్కి వాలి ఫోన్ కట్ చేశాను. మర్యాద తప్పినందుకు ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మా ఇద్దరికీ ఆకలి దంచేస్తోంది. ఐస్ పెట్టె మూత తీసి చూశాను, తినడానికేమన్నా పెట్టుకున్నామేమోనని. ఐసు ఉంది.